నుదుటి గీతలకు పెప్టైడ్ సీరమ్‌లు: లేబుల్ మీద 10 శాతం అంటే అసలు ఎంత?

సున్నిపిండి:
అందరికీ నమస్కారం. నుదుటి అడ్డగీతలకూ, నవ్వినప్పుడు కంటి చివర పడే గీతలకూ పెప్టైడ్ సీరమ్ కొందామంటే ఒక్కో సీసా ఒక్కో లెక్క చెబుతోంది. ఒకదాని మీద ‘అర్జిరెలిన్ 10%’, ఇంకోదాని మీద ‘5% పెప్టైడ్ కాంప్లెక్స్’. మరోదాని మీద అంకే లేదు గానీ ‘సీసాలో బొటాక్స్’ అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. 10 శాతం ఎక్కువా తక్కువా? ఇది నిజంగా కండరం దాకా వెళ్తుందా? ముడిసరుకు తెచ్చుకుని ఇంట్లో కలుపుకోవచ్చంటున్నారు, అయ్యే పనేనా? విటమిన్ సి, రెటినాల్ ఇప్పటికే వాడుతున్నాను, వాటితో పేచీ ఉంటే అదీ చెప్పండి.

కొలత_కాటా:
ముందు అంకె సంగతి తేల్చేద్దాం, సగం గందరగోళం అక్కడే ఉంది. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అర్జిరెలిన్ అన్నది అలాంటి ఒకదాని వ్యాపారనామం. బార్సిలోనాలోని లిపోటెక్ దీన్ని తయారుచేసింది, 2012 నుంచి ఆ కంపెనీ లూబ్రిజోల్ చేతిలో ఉంది. సీసా వెనక పదార్థాల జాబితాలో అసిటైల్ హెక్సాపెప్టైడ్-8 అని రాస్తారు. పాత సీసాల మీద అసిటైల్ హెక్సాపెప్టైడ్-3 అని ఉన్నా అదే సరుకు.

ద్రావణంగా అమ్మే అర్జిరెలిన్‌లో పెప్టైడ్ 0.05 శాతమే, మిగతాదంతా దాదాపు నీళ్ళే. ఆ ద్రావణాన్ని 10 శాతం కలిపితే సీరమ్‌లో చేరే పెప్టైడ్ 0.005 శాతం, అంటే 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50). 30 గ్రాముల సీసాలో ఒకటిన్నర మిల్లీగ్రాము! ఇందులో మోసమేమీ లేదు, ఈ రంగంలో వాడకమే అంత. గ్లైకాలిక్ యాసిడ్ 10 శాతం లాంటి లెక్క అనుకుని 20 శాతం సీసా కోసం వెతక్కండి, అంతే.

జాబితాలో పెప్టైడ్ పేరు చిట్టచివర ఉందని కంగారు పడొద్దు. మన కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం 1 శాతానికి మించిన పదార్థాలనే బరువు క్రమంలో రాయాలి, ఆ లోపువి ఏ వరుసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌కు (సరుకు పాడవకుండా వేసేది) ముందుందా, తర్వాతుందా అన్నదాన్నిబట్టి ఏమీ తేలదు. గ్లిజరిన్ కంటే పైన కనిపిస్తే మాత్రం అనుమానించండి.

బయోకెమ్_బల్ల:
పని ఎలా చేస్తుందో నేను చెబుతా. కండరం ముడుచుకోవాలంటే నరం చివర నుంచి ఎసిటైల్‌కొలీన్ అనే సంకేత రసాయనం విడుదల కావాలి. అది చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది. ఆ సంచి నరం పొరకు అతుక్కుని తెరుచుకోవాలంటే స్నాప్-25, సింటాక్సిన్, సినాప్టోబ్రెవిన్ అనే మూడు ప్రొటీన్‌లు జడలా పెనవేసుకోవాలి.

బొటులినమ్ టాక్సిన్ టైప్ ఎ, అంటే బొటాక్స్‌లో ఉండేది, ఈ స్నాప్-25ని కోసేస్తుంది. నరం మళ్ళీ కోలుకోవడానికి టైం పడుతుంది కాబట్టి ప్రభావం మూడు నాలుగు నెలలుంటుంది. అర్జిరెలిన్ దేన్నీ కోయదు. స్నాప్-25 మొదటి కొసలో ఉండే ఆరు అమైనో ఆమ్లాల వరుసకు ఇది నకలు: గ్లుటామిక్ ఆమ్లం రెండు, మెథియోనిన్ ఒకటి, గ్లుటమిన్ ఒకటి, ఆర్జినిన్ రెండు. అసలు ప్రొటీన్ చేరాల్సిన చోటికి ఇది పోటీకి వస్తుంది, దాంతో ఆ మూడింటి పట్టు సడలుతుంది. 2002లో వచ్చిన తొలి పేపర్‌లో అడ్రినల్ గ్రంథిలోని క్రోమాఫిన్ కణాల మీద ఇది చూపించారు, కణాల నుంచి కేటకోలమైన్‌ల (అడ్రినలిన్ లాంటి రసాయనాల) విడుదల తగ్గింది. అంటే యంత్రాంగం కల్పితం కాదు. అయితే అది గాజు పళ్ళెంలో కణాల మాట.

చర్మం_లోతు:
అసలు చిక్కు బల్ల గారు ఆపిన చోటే మొదలవుతుంది. పళ్ళెంలో కణాలకు చర్మం అడ్డు లేదు. మనకు ఉంది.

పైన స్ట్రాటమ్ కార్నియమ్, 10 నుంచి 20 మైక్రాన్‌ల మృతకణాల పొర. 500 డాల్టన్‌ల (అణువు బరువు కొలత) కంటే బరువైన అణువులు మామూలు చర్మం దాటడం కష్టమని 2000లో బోస్, మైనార్డి రాశారు. అర్జిరెలిన్ దాదాపు 889 డాల్టన్‌లు. పైగా నీళ్ళలో కరిగేది, విద్యుదావేశాలున్నది. కొవ్వుతో నిండిన ఆ పొరకు ఇలాంటి అణువు అస్సలు నచ్చదు. 2015లో అమెరికా ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో మనిషి చర్మం మీద కొలిచారు. పూసినదాంట్లో దాదాపు అంతా కడిగితే వచ్చేసింది. చర్మంలోకి దిగింది 0.22 శాతం, అదీ ఎక్కువ భాగం ఆ పై పొరలోనే ఉండిపోయింది. డెర్మిస్‌లో, అంటే చర్మం లోపలి పొరలో, ఏమీ దొరకలేదు. నుదుటి కండరం డెర్మిస్‌కూ, దాని కింది కొవ్వుకూ అడుగున ఉంటుంది.

కాబట్టి సున్నిపిండి గారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు: కండరం దాకా వెళ్తుందనడానికి ఆధారం లేదు. ‘సీసాలో బొటాక్స్’ అని రాసినవాళ్ళు సీసా అమ్ముకోడానికి రాశారు.

వరంగల్_వెన్నెల:
అంటే పైసలు దండగేనా అన్నా? మరి ముడతలు 30 శాతం తగ్గినయని అన్ని సైట్లల్ల రాస్తున్నరు కదా, అదంత ఉత్తదేనా?

చర్మం_లోతు:
ఉత్తది కాదమ్మా, సాగదీసింది. ఆ 30 కూడా 2002 పేపర్‌దే. 10 మంది ఆడవాళ్ళు, 10 శాతం రకం క్రీమ్, 30 రోజులు. సిలికాన్‌తో చర్మం అచ్చులు తీసి ముడతల లోతు కొలిచారు. పేపర్‌లో ఉన్నది ‘30 శాతం వరకు’ అని. సైట్లకెక్కేసరికి ‘వరకు’ ఎగిరిపోయింది. 2013లో చైనాలో 60 మందితో ఇంకో పరీక్ష జరిగింది. ముగ్గురికి పెప్టైడ్, ఒకరికి ఉత్త క్రీమ్ చొప్పున, రోజుకు రెండుసార్లు, 4 వారాలు పూశారు. కంటి చుట్టూ గీతల్లో పెప్టైడ్ వైపే మెరుగు కనిపించింది. రెండూ చిన్న పరీక్షలే, గడువూ నెల రోజులే.

మరి లోపలికి దిగకుండా గీత ఎలా తగ్గింది? నా లెక్క ఇది. కంటి చివర చర్మం చాలా పల్చన. అక్కడి సన్నగీతల్లో పొడిబారడం వాటా పెద్దది. ఏ మంచి సీరమ్ రాసినా పై పొర నీళ్ళు పట్టి ఉబ్బుతుంది, జిగురు పదార్థం ఆరి కాస్త బిగుస్తుంది, గీత పైకి తేలుతుంది. పెప్టైడ్ దాని మీద ఎంతో కొంత కలుపుతుండొచ్చు. ఉత్త బేస్‌తో పోల్చని పరీక్షలో ఎవరి వాటా ఎంతో విడదీయలేం.

అద్దం ముందు ఒక పని చేయండి. వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడి, మొహం పూర్తిగా వదిలేయండి. అప్పుడు మాయమయ్యే గీత కండరం కదలికది. వదిలేసినా ఉండే గీతను రెండు వేళ్ళతో మెల్లగా సాగదీయండి. సాగదీస్తే పోతే ఇంకా పైపైనే ఉన్నట్టు, సాగదీసినా గాడి కనిపిస్తే డెర్మిస్ విరిగినట్టు. మొదటి రకానికి సీరమ్ ప్రయత్నించి చూడొచ్చు. మూడో రకానికి ఏ పెప్టైడ్ మీదా డబ్బు పెట్టొద్దు.

గోదారి_గట్టు:
ఈ కుటుంబంలో మిగతావాళ్ళ పేర్లు కూడా చెప్పుకుంటే లేబుల్ చదవడం తేలిక. అసిటైల్ ఆక్టాపెప్టైడ్-3 అంటే స్నాప్-8, అర్జిరెలిన్‌కే ఇంకో రెండు అమైనో ఆమ్లాలు తగిలించారు. అమ్మేవాళ్ళు దీన్ని ‘ఇంకా శక్తిమంతం’ అంటారు. అణువు ఇంకా పెద్దదైంది, చర్మం దాటడం ఇంకా కష్టమైంది, ఆ మాట చెప్పరు. పెంటాపెప్టైడ్-18 అంటే ల్యూఫసిల్, శరీరంలోనే తయారయ్యే, నొప్పి తగ్గించే ఎన్‌కెఫాలిన్‌ను అనుకరించి నరం వైపు నుంచే సంకేతం తగ్గించాలని దాని ఉద్దేశం. సిన్-ఏక్ దారి వేరు. స్విట్జర్లాండ్‌లోని పెంటాఫార్మ్ తయారీ, ఆగ్నేయాసియాలోని టెంపుల్ వైపర్ అనే పాము విషంలో ఉండే వాగ్లెరిన్-1ని చూసి చేసిన చిన్న అణువు. ఇది కండరం వైపు గ్రాహకాన్ని (సంకేతం అందుకునే ప్రొటీన్‌ను) అడ్డుకోవాలి. పాము విషం అందులో ఉండదు, అంతా రసాయనంగా కట్టిందే. ‘స్నేక్ వెనమ్ క్రీమ్’ అని ఆన్‌లైన్‌లో అమ్మేవి చూసి భయపడనక్కర్లేదు, ఆశపడనూ అక్కర్లేదు.

కండరం జోలికి పోని పెప్టైడ్‌లు వేరే ఉన్నాయి. నన్నడిగితే వాటి ఆధారాలే కాస్త గట్టివి. పాల్మిటాయిల్ పెంటాపెప్టైడ్-4, అదే ఫ్రాన్స్‌లోని సెడెర్మా వాళ్ళ మాట్రిక్సిల్. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ ప్రొటీన్ తయారయ్యేటప్పుడు తెగే ఒక ముక్క వరుసకు పాల్మిటిక్ ఆమ్లం తోక తగిలించారు. ఆ కొవ్వు తోక వల్లే పై పొరలోకి కాస్త చొరబడుతుంది. 2005లో వచ్చిన పరీక్షలో 93 మంది ఆడవాళ్ళు 12 వారాల పాటు మొహంలో ఒక సగానికి పెప్టైడ్ క్రీమ్, రెండో సగానికి అదే క్రీమ్ పెప్టైడ్ లేకుండా పూశారు. పెప్టైడ్ మోతాదు 3 పీపీఎం మాత్రమే! తేడా చిన్నదే, కానీ ఉత్త బేస్‌తో పోల్చి చూపించారు. శాతాల పోటీ ఎంత అర్థంలేనిదో ఈ 3 పీపీఎం ఒక్కటి చాలు చెప్పడానికి.

సున్నిపిండి:
చాలా థాంక్స్ అండీ అందరికీ. కంటి చివరవి మొదటి రకం, నుదుటివి రెండో రకంలా ఉన్నాయి. తక్కువ మోతాదే చాలంటే ఇంట్లో కలుపుకోవడమే చవకేమో. కొలత గారూ, కొలతలతో సహా చెబుతారా?

కొలత_కాటా:
చెబుతా. 100 గ్రాముల లెక్క రాస్తున్నా, మీరు 30 లేదా 50 గ్రాములకు తగ్గించి చేయండి. నీళ్ళతో చేసిన సరుకు నెలల తరబడి దాచేది కాదు.

డిస్టిల్డ్ వాటర్ 82.4, గ్లిజరిన్ 5, అర్జిరెలిన్ ద్రావణం 10, పాంథెనాల్ (విటమిన్ బి5 రూపం) 1, జెల్‌లా చిక్కబరిచే హైడ్రాక్సీఇథైల్‌సెల్యులోజ్ అంటే హెచ్ఈసీ 0.6, ప్రిజర్వేటివ్‌గా ఫినాక్సీఇథనాల్-ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ మిశ్రమం 1. అన్నీ గ్రాములే, మిల్లీలీటర్లు కావు. 0.01 గ్రాము చూపే కాటా కావాలి, వంటింటి కాటా పనికిరాదు. బ్యాటరీ షాపులో దొరికే నీళ్ళు వద్దు. వాటిలో ఖనిజాలు తీసేసినా సూక్ష్మజీవుల సంగతి ఎవరూ చూడరు.

గాజు బీకరు, గరిటె, సీసా అన్నీ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. హెచ్ఈసీ పొడిని ముందు గ్లిజరిన్‌లో పేస్ట్‌లా కలపాలి. నేరుగా నీళ్ళలో వేస్తే బయట జిగురు, లోపల పొడి ఉండే ఉండలు కడుతుంది. అవి తెల్లారినా కరగవు. ఆ పేస్ట్ మీద నీళ్ళు పోసి కలుపుతూ, వేడినీళ్ళ గిన్నెలో బీకరు పెట్టి 60 డిగ్రీల దగ్గర అద్దంలా తేటపడేదాకా ఉంచండి. వేడి చేసే ముందు బీకరుతో సహా బరువు రాసుకోండి, ఆవిరైనంత నీళ్ళు తర్వాత పోయాలి కదా. గంటైనా చిక్కబడకపోతే మీ హెచ్ఈసీ పైపూత ఉన్న రకం. చిటికెడు వంట సోడా వేసి పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) 8 దాటించండి, అప్పుడు ఉబ్బుతుంది. తర్వాత సిట్రిక్ యాసిడ్‌తో దించుకోవచ్చు.

40 డిగ్రీల కిందికి చల్లారాకే పాంథెనాల్, అర్జిరెలిన్, ప్రిజర్వేటివ్ ఈ వరుసలో వేసి బుడగలు రాకుండా మెల్లగా కలపాలి. ఆఖర్న పీహెచ్ చూడండి. 10 శాతం సిట్రిక్ ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ 5.5 దగ్గర ఆపండి. ప్రిజర్వేటివ్ మాత్రం ‘నేచురల్’ పేరుతో మానేయకండి. పెప్టైడ్, పాంథెనాల్, గ్లిజరిన్, నీళ్ళు అంటే బ్యాక్టీరియాకు విందు భోజనం.

కార్బోమర్ అనే ఇంకో చిక్కబరిచే పొడితో జెల్ చేద్దామని అనుకునేవాళ్ళకు: దానికి ఉప్పు తగిలితే కూలిపోతుంది. ముడిసరుకు ద్రావణాల్లో బఫర్ ఉప్పులు (పీహెచ్ నిలకడగా ఉంచేవి) ఉంటే కళ్ళముందే నీళ్ళవుతుంది. హెచ్ఈసీకి ఆవేశం లేదు కాబట్టి ఆ బాధ లేదు.

పల్నాడు_పిపెట్:
ద్రావణం కాకుండా పొడి పెప్టైడ్ దొరుకుతోంది కదా, దాంతో ఎలా?

బయోకెమ్_బల్ల:
100 గ్రాముల సీరమ్‌కు కావాల్సింది 5 మిల్లీగ్రాములు. 0.01 గ్రాము కాటాకు అది కనపడను కూడా కనపడదు. 50 మిల్లీగ్రాముల వయల్ (చిన్న మందు సీసా) మొత్తాన్ని 100 గ్రాముల నీళ్ళలో, ప్రిజర్వేటివ్‌తో సహా కరిగించండి. 0.05 శాతం ద్రావణం చేతికొస్తుంది. ఇక కొలత గారి వంటకంలో 10 గ్రాములు వేసుకోవడమే.

పొడితో ఇచ్చే నాణ్యతా సర్టిఫికెట్ చదివేటప్పుడు రెండు అంకెలు వేరు చేసి చూడాలి. హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే పరీక్ష) ప్యూరిటీ 98 శాతం అంటే ఉన్న పెప్టైడ్‌లలో మీకు కావాల్సింది 98 శాతం అని. పొడి బరువులో ఎసిటేట్ అనే లవణ భాగం, తేమ కూడా ఉంటాయి. అవి పోగా మిగిలేది నెట్ పెప్టైడ్ కంటెంట్, అది వేరే వరుసలో రాస్తారు. రాయకపోతే అడగండి. పొడిని డీప్ ఫ్రీజర్‌లో దాచి, వాడే రోజు వయల్ గది వేడికి వచ్చాకే మూత తీయాలి. చల్లటి వయల్ తెరిస్తే గాలిలో తేమంతా పొడి మీద కూర్చుంటుంది. కలిపిన ద్రావణం ఫ్రిజ్‌లో ఉండాలి. ఇందులో మెథియోనిన్ ఉంది, గాలికీ వేడికీ ఆక్సీకరణ చెందుతుంది. విజయవాడ మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన సీసా గురించి మళ్ళీ అడక్కండి.

చర్మం_లోతు:
పొడి మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నా. ‘రీసెర్చ్ గ్రేడ్’ వయల్ తెచ్చి సూదితో ఎక్కించుకోవద్దు, ఇది పైన రాసుకునే సరుకు. సన్నసూదుల చక్రం ఉండే డెర్మారోలర్‌తో గుచ్చి మీద సీరమ్ పోయడమూ అంతే ప్రమాదం. సూదులు గుచ్చాక రాసిన కాస్మెటిక్స్ వల్ల మొహం మీద గ్రాన్యులోమాలు (వాపు గడ్డలు) లేచిన కేసులు 2014లోనే జామా డెర్మటాలజీలో వచ్చాయి. చర్మం అడ్డుకుంటోందని విసుక్కున్నాం గానీ, సువాసనలనూ ప్రిజర్వేటివ్‌లనూ కూడా అదే అడ్డుకుంటోంది.

వరంగల్_వెన్నెల:
విటమిన్ సి తోని కలిపి పూస్తె పెప్టైడ్ కరాబైతదంటరు, నిజమేనా? నీలి రంగు కాపర్ పెప్టైడ్ కూడా ఉన్నది నా దగ్గర.

గోదారి_గట్టు:
ఒకే సీసాలో కలిపితే కరాబే. ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ సీరమ్ పీహెచ్ 3.5 లోపు ఉంటుంది. నెలల తరబడి ఆ పులుపులో ఉంటే పెప్టైడ్‌లోని గ్లుటమిన్ మారిపోతుంది. మొహం మీద ఒకటి ఆరాక ఒకటి రాస్తే ఆ కొద్ది నిమిషాల్లో పెప్టైడ్ ముక్కలవుతుందన్నది భయపెట్టే మాటే. మనసు ఒప్పకపోతే పొద్దున విటమిన్ సి, రాత్రి పెప్టైడ్ పెట్టుకోమ్మా.

కాపర్ పెప్టైడ్ విషయంలో మాత్రం జాగ్రత్త నిజంగానే అవసరం. రాగి ఆస్కార్బిక్ యాసిడ్‌ను వేగంగా ఆక్సీకరణం చేస్తుంది, అంటే పాడయ్యేది మీ విటమిన్ సి. ఈడీటీఏ (లోహాలను పట్టేసుకునే పదార్థం) ఉన్న బేస్‌లో కాపర్ పెప్టైడ్ కలిపితే ఈడీటీఏ రాగిని లాక్కుంటుంది. రెటినాల్‌తో పెప్టైడ్‌లకు పేచీ లేదు, ముందు సీరమ్, ఆరాక రెటినాల్ క్రీమ్.

గీతల విషయంలో నా వరస అడిగితే పొద్దున ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, రాత్రి రెటినాయిడ్ (రెటినాల్ కుటుంబంలోది), ఆ తర్వాత చేతిలో డబ్బు మిగిలితే పెప్టైడ్. కనుబొమల మధ్య నిలువు గీతలు కొట్టొచ్చినట్టు ఉంటే ఈ మూడూ కాదు, డెర్మటాలజిస్ట్ దగ్గర బొటులినమ్. అమెరికాలో ఆ గీతలకు అనుమతి వచ్చింది 2002లో, ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు. గర్భిణులకు రెటినాయిడ్, బొటులినమ్ రెండూ వద్దు.

సున్నిపిండి:
పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? రోజూ అద్దంలో చూస్తే ఏమీ తేలదు కదా.

చర్మం_లోతు:
ఇంట్లో కలుపుతున్నారు కాబట్టి మీకు ఓ సుళువుంది. రెండు సీసాలు చేయండి. రెండోదాంట్లో అర్జిరెలిన్ ద్రావణం బదులు అంతే నీళ్ళు. సీసాల అడుగున గుర్తు పెట్టి, ఏది ఏదో ఇంట్లో వేరేవాళ్ళను గుర్తుంచుకోమనండి. కుడి కంటికి ఒకటి, ఎడమ కంటికి ఒకటి, రోజుకు రెండుసార్లు, కన్నుకు ఒక్కో చుక్క చాలు. కనురెప్ప అంచుకు తగలకుండా ఎముక మీదుగా రాయండి.

ఫొటోలు మొదటి రోజు, 4 వారాలకు, 8 వారాలకు. పొద్దున మొహం కడగకముందే, అదే కిటికీ పక్కన, ఫోన్ అంతే దూరంలో, బ్యూటీ ఫిల్టర్ తీసేసి, మొహం వదిలేసి ఒకటి, గట్టిగా నవ్వి ఒకటి. సీరమ్ రాసిన గంటకే తీస్తే తడి ప్రభావమే కనపడుతుంది. 8 వారాలకు రెండు వైపులా ఒకేలా తగ్గితే అది గ్లిజరిన్ చేసిన పని. అప్పుడు అర్జిరెలిన్ ఖర్చు మానేసి ఉత్త బేస్ వాడుకోండి, చర్మానికి లోటేమీ రాదు.

పల్నాడు_పిపెట్:
రెండు సందేహాలు. ఇలాంటి జెల్ సీరమ్ మీద సన్‌స్క్రీన్ రాస్తే మట్టిలా రాలుతుంటుంది. జెల్ మూడు వారాలకే పలచబడితే అది పెప్టైడ్ వల్లేనా?

కొలత_కాటా:
రాలడం జిగురు పొర మీద సిలికాన్ సన్‌స్క్రీన్ రుద్దడం వల్ల. హెచ్ఈసీ 0.3కి తగ్గించండి, రెండు మూడు చుక్కలకు మించొద్దు, పూర్తిగా ఆరనిచ్చి సన్‌స్క్రీన్‌ను రుద్దకుండా అద్దండి. కోస్తా ఉక్కపోతలో జిడ్డుగా ఉంటే గ్లిజరిన్ 3 చేసి, ప్రొపేన్‌డయాల్ 2 వేయండి.

పలచబడటం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. హెచ్ఈసీ సెల్యులోజ్ నుంచి చేసిందే. బూజూ, కొన్ని బ్యాక్టీరియాలూ సెల్యులేజ్ అనే ఎంజైమ్ వదులుతాయి, అది ఈ గొలుసులను తెంపేస్తుంది. పెప్టైడ్‌కు ఆ శక్తి లేదు. వాసన రాకపోయినా, రంగు మారకపోయినా, జెల్ నీళ్ళయిందంటే కలుషితమైందనే అనుకోండి. ప్రిజర్వేటివ్ 1 శాతం సరిగ్గా తూచారో లేదో, వేడిగా ఉన్నప్పుడు వేసి సరిగా కలపకుండా వదిలేశారో చూడండి. డ్రాపర్ గొట్టం చర్మానికి తగిలించి మళ్ళీ సీసాలో ముంచడమూ ఒక కారణం, ఎయిర్‌లెస్ పంపు సీసా కొనుక్కుంటే అది పోతుంది. ఉన్న బ్యాచ్‌లో ఇంకాస్త ప్రిజర్వేటివ్ వేసి బతికిద్దామని చూడకండి. సీసాతో సహా పారేసి, ఈసారి 30 గ్రాములే చేయండి.